అద్దం మీది ఆవిరి, బానెట్ కింది వేడి

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక పాత జీపు, లేదంటే పాత సుమో బానెట్ ఎత్తి చూడండి. ఇంజన్ దగ్గర మొదలై డాష్‌బోర్డు వెనక్కి పోవాల్సిన రెండు సన్నటి రబ్బరు పైపులు చాలా బండ్లలో అక్కడిదాకా పోవు. ఒకదాని కొసను ఇంకోదానికి తగిలించి, క్లిప్పు బిగించి, ఇంజన్ పక్కనే వదిలేసి ఉంటారు. అవి హీటర్ పైపులు. రేడియేటర్ పై పైపు ఇంజన్‌కు కలిసేచోట ఉండే డొప్ప విప్పితే, అందులో ఉండాల్సిన థర్మోస్టాట్ వాల్వ్ కూడా కనబడకపోవచ్చు. ఎందుకు తీశారని అడిగితే షెడ్డులో వినిపించే జవాబు ఒకటే: “మనూరికి హీటరెందుకప్పా?”

మే నెలలో 42 డిగ్రీలు కాసే ఊళ్లో ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే. కానీ ఆ పైపులనూ ఆ వాల్వునూ మనుషుల ఒళ్లు వెచ్చబరచడానికి మాత్రమే పెట్టలేదు. వానలో ముందు అద్దాన్ని తేటగా ఉంచేవి అవే. డాష్‌బోర్డు మీద, అద్దం మొదట్లో ఉండే సన్నటి గాలి సందుల్లోంచి వేడి గాలి పైకి తన్నే ఏర్పాటును కంపెనీవాళ్లు డిఫ్రాస్టర్ అంటారు. మన దగ్గర అద్దం మీద మంచు గడ్డ కట్టదు కాబట్టి అది మనది కాదనుకున్నాం. అద్దం లోపల ఆవిరి మాత్రం మనకూ పడుతుంది. అదీ రోడ్డు మీద జనం ఎక్కువగా ఉండే రోజుల్లోనే పడుతుంది.

పడమటి కర్నూలుకు కరువు సీమ అని పేరు. ఉన్న కొద్దిపాటి వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురిసిపోతుంది. కురిస్తే ఎంత కురవగలదో 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తినప్పుడు అందరూ చూశారు. శ్రావణ బహుళంలో అక్కడి రాఘవేంద్రస్వామి ఆరాధనకు ఎక్కడెక్కడి బండ్లో ఎమ్మిగనూరు మీదుగా పోతాయి. అక్టోబరు నుంచి కొత్త పత్తి ఆదోని యార్డుకు రావడం మొదలవుతుంది. తెల్లారేసరికి యార్డులో ఉండాలని రైతులు రాత్రిపూటే బయలుదేరతారు. ఆదోనికి రైలుంది, ఎమ్మిగనూరుకు లేదు. రెంటి మధ్య దాదాపు 30 కిలోమీటర్ల దారిలో మనిషి అయినా మూట అయినా రోడ్డు మీదే పోవాలి. హీటర్ అక్కర్లేదనుకున్న బండికి హీటర్ కావాల్సి వచ్చేది ఈ వారాల్లోనే.

ఆ ఆవిరి ఎక్కడ నుంచి వస్తుంది? పత్తి యార్డులో తేమ శాతం తెలియని రైతు ఉండడు. పత్తిని కొనేవాళ్లు 8 నుంచి 12 శాతం మధ్య తేమ చూసి ధర కడతారు. గాలికీ తేమ శాతం ఉంది గానీ దాని లెక్క వేరు. ఒక వేడి దగ్గర గాలి గరిష్ఠంగా మోయగల నీటి ఆవిరిలో ఇప్పుడు ఎంత మోస్తోంది అన్నదే ఆ శాతం. ఆ గరిష్ఠం వేడితోపాటు వేగంగా పెరుగుతుంది. 22 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 19 గ్రాముల ఆవిరి మోస్తుంది, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. నిండుగా మోస్తున్న గాలి తనకంటే చల్లని వస్తువును తాకితే, మోయలేని ఆవిరి ఆ వస్తువు మీద బొట్లుగా దిగిపోతుంది. మంచు బిందువు ఆకాశం నుంచి రాలిపడదని, చల్లబడిన వస్తువు మీదే తయారవుతుందని 1814లో లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ తన వ్యాసంలో వివరించాడు. ఆయన రాత్రిళ్లు ఆరుబయట చిన్న చిన్న ఉన్ని ఉండలు పెట్టి, తెల్లారి అవి ఎంత బరువెక్కాయో తూచి చూసేవాడు.

ఇప్పుడు ఒక సర్వీసు జీపును తీసుకోండి. వాన మొదలవగానే పక్క పరదాలు దించేస్తారు. లోపల తొమ్మిదిమంది. మనిషి ఊరికే కూర్చున్నా ఊపిరిలోంచీ చర్మంలోంచీ కలిపి గంటకు 40, 50 గ్రాముల నీరు గాలిలోకి వదులుతాడు. తొమ్మిదిమందికి గంటకు సుమారు 400 గ్రాములు అవుతుంది. జీపు లోపలి చోటు నాలుగు ఘనపు మీటర్లు అనుకుంటే, 24 డిగ్రీల దగ్గర అది మోయగలిగేది 90 గ్రాముల లోపు. బయటి గాలి కూడా వానకు అప్పటికే నిండి ఉంది. తడిసిన బట్టలున్నాయి, చెప్పులకు అతుక్కొచ్చిన నల్లరేగడి బురద కాళ్ల కింద మ్యాట్ల మీద ఉంది. అద్దం చూస్తే బయట వాన నీళ్లకూ ఎదురుగాలికీ చల్లబడింది. మోయలేని ఆవిరి దిగడానికి అంతకంటే అనువైన చోటు బండిలో ఇంకోటి లేదు. అద్దమంతా తెల్లబారడానికి ఐదు, పది గ్రాముల నీరు చాలు. అందుకే డ్రైవర్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో గుడ్డ పెట్టి ఎన్నిసార్లు తుడిచినా అది మళ్లీ వస్తుంది. పట్టేది అద్దం మీదే అయినా, తీయాల్సిన నీరు గాలిలో ఉంది.

డిఫ్రాస్టర్ చేసే పని రెండు రకాలు. అద్దాన్ని వెచ్చబరచి, గాలి తన ఆవిరిని దించలేని స్థితికి తెస్తుంది. దాంతోపాటు అద్దం మీదికి ఆకలిగొన్న గాలిని పంపుతుంది. వానలో తడిసి నూరు శాతం తేమతో ఉన్న 22 డిగ్రీల బయటి గాలిని తీసుకుని 40 డిగ్రీలకు వేడి చేస్తే, అందులోని నీరు ఒక్క చుక్క తగ్గకపోయినా తేమ శాతం 36కు పడిపోతుంది. ఆ గాలి అద్దం మీది బొట్లను తాగేస్తుంది. పది గ్రాముల నీరు ఆవిరి కావడానికి 25 కిలోజౌళ్ల వేడి చాలు. బాగున్న హీటర్ కొన్ని కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి, అందులో చాలా భాగం అటూ ఇటూ పోయినా, రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడాలి. దీనికి డీజిల్ కూడా అదనంగా కాలదు. ఇంజన్‌లో కాలిన డీజిల్ శక్తిలో మూడో వంతు దాకా ఎలాగూ కూలింగ్ నీళ్లలోకి పోతుంది. రేడియేటర్ దాన్ని గాలికి పారబోస్తుంటే, డాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ అందులో కొంచెం మన కోసం తీసుకుంటుంది.

మెకానిక్కులు ఊరికే వాటిని పీకేయలేదు. దాని వెనక ఈ నేల నీళ్ల కథ ఉంది. ఇక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కూలెంటుకు డబ్బెందుకని రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తే, వేడికి ఆ సున్నం పెచ్చుగా పేరుకుంటుంది. టీ గిన్నె అడుగున కనిపించే తెల్ల పొరే ఇంజన్ లోపలా కడుతుంది. హీటర్ కోర్‌లో గొట్టాలు సన్నవి, కాబట్టి ముందుగా మూసుకుపోయేది అదే. మూసుకున్న కోర్ తుప్పుపట్టి కారితే, విప్పడానికి డాష్‌బోర్డంతా ఊడదీయాలి. పైపులు బయటే కలిపేస్తే పది నిమిషాల పని. రేడియేటర్ కూడా పెచ్చు కట్టి ఇంజన్ వేడెక్కుతుంటే, నీళ్ల దారికి అడ్డంగా ఉన్న థర్మోస్టాట్ మీద అనుమానం పోతుంది. అది మూసుకున్నచోటే ఇరుక్కుపోతే ఇంజన్ పాడైపోతుంది కాబట్టి దాన్నీ తీసేస్తారు. ఆ భయం అబద్ధం కాదు. మందు మాత్రం తప్పు.

థర్మోస్టాట్ లోపల ఒక మైనపు గుళిక ఉంటుంది. దాని మీద ముద్ర వేసిన వేడికి, చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య, మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతాయి. దాన్ని తీసేసిన బండి వాన రాత్రి తీరిగ్గా నడుస్తుంటే నీళ్లు ఎప్పటికీ ఆ వేడికి చేరవు. గోరువెచ్చటి నీళ్లతో ఏ హీటర్ అయినా ఏం చేస్తుంది? చల్లగా నడిచే ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ తెరుచుకునేటప్పుడు పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. వాల్వే లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొన్ని నీళ్లు చల్లబడకుండానే ఇంజన్‌కు తిరిగొస్తాయి. వేడి తగ్గాలని తీసిన వాల్వ్, అలాంటి బండిలో, ఎండాకాలం వేడిని పెంచుతుంది.

మీ బండిలో హీటరూ థర్మోస్టాటూ రెండూ ఉండి కూడా అద్దం తేటపడకపోతే, ముందు చేతిని వాడండి. ఇంజన్ పావుగంట నడిచాక, హీటర్ మీట వేడి వైపు పూర్తిగా తిప్పి, ఫ్యానుకు దూరంగా చేయి పెట్టి రెండు హీటర్ పైపులనూ తాకి చూడండి. రెండూ కాలుతుంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, లోపం గాలి వైపు ఉంది. ఒకటి వేడిగా, ఇంకోటి చల్లగా ఉంటే కోర్ పూడింది, లేదంటే దారిలో ఉన్న చిన్న కుళాయి లాంటి హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. దాని తీగ జారిపోవడం పాత బండ్లలో మామూలే. రెండూ గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్ సంగతి చూడాలి, లేదా నీళ్లు తగ్గి గాలి పట్టి ఉండొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ఒత్తిడిలో ఉన్న ఆ నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

పూడిన కోర్‌ను చాలాసార్లు విప్పకుండానే కడగొచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండు పైపులూ విప్పి, నీళ్లు రోజూ పోయే దిక్కుకు ఎదురుగా, తోటకు పట్టే పైపుతో మెల్లగా నీళ్లు పెట్టాలి. గట్టి ఒత్తిడి పెడితే పాత అతుకులు ఊడతాయి. మొదట ఎర్రటి తుప్పు నీళ్లు, ఆ తర్వాత సున్నపు పలుకులు వస్తాయి. అప్పటికీ ధార సన్నగా ఉంటే, లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి కోర్‌లో నింపి, అరగంట ఉంచి, బాగా కడిగేయాలి. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం పోయకూడదు. అది సున్నంతోపాటు ఇత్తడినీ అల్యూమినియాన్నీ తింటుంది. థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి వంటకు వాడని ఒక పాత గిన్నె, థర్మామీటరు చాలు. నీళ్లలో వేలాడదీసి కాస్తే, ముద్ర వేసిన వేడి దగ్గర వాల్వ్ లేవాలి, చల్లారితే మూసుకోవాలి. ఆ తర్వాత పోయాల్సింది సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్. ఈ మిశ్రమం మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర గానీ మరగదు, కాబట్టి మన ఎండలకూ అదే మేలు. కూలెంటు తియ్యగా ఉండే విషం. తీసిన పాతదాన్ని వీధి కాలువలో పారబోస్తే కుక్కలు తాగి చస్తాయి.

గాలి వైపు లోపాలకు ఈ ప్రాంతపు ముద్ర ఇంకా ఎక్కువ. బయటి గాలి లోపలికి వచ్చేది బానెట్‌కూ అద్దానికీ మధ్య ఉండే జాలీ లోంచి. బండిని వేపచెట్టు కింద నిలపడం మన అలవాటు. ఆ ఆకులు, పూత అందులో చేరి కుళ్లి, గాలి దారినీ నీళ్లు పోయే రంధ్రాన్నీ కూడా మూసేస్తాయి. ఆ నీళ్లు లోపలికి కారి మ్యాట్ల కింద నిలుస్తాయి. ఎండ తగిలినప్పుడల్లా ఆ నీరే ఆవిరై లేస్తుంది. జిన్నింగు మిల్లుల చుట్టూ తిరిగే బండ్లలో బ్లోయర్ ఫ్యాను రెక్కలకు పత్తి నూగు దట్టంగా పేరుకుంటుంది. బండి చాలాకాలం నిలిచి ఉంటే ఆ గూట్లో ఎలుకలు పిల్లలు పెట్టడమూ ఉంది. ఫ్యాను మోత వినిపిస్తుంది, గాలి మాత్రం రాదు. ఫ్యాను ఎక్కువ వేగంలోనే తిరిగి తక్కువ వేగాల్లో తిరగకపోతే మోటారు మంచిదే, రెసిస్టర్ కాలిపోయింది. అది కొద్ది ఖర్చుతో పోయే పని. ఫ్యాను బాగున్నా గాలి కాళ్ల దగ్గరకే వస్తుంటే, అద్దం వైపు తిప్పే రేకు తలుపు తీగ జారి ఉంటుంది. లేదా దాని అంచున ఉండే స్పాంజి ఇన్నేళ్ల ఎండలకు పొడిపొడి అయిపోయి ఉంటుంది. గాలి సందుల్లోంచి నల్లటి నలుసులు పడుతుంటే ఆ స్పాంజే.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పే మీటను దుమ్ముకు భయపడి చాలామంది ఏడాది పొడుగునా మూసే ఉంచుతారు. వానలో అది మూసి ఉంటే తొమ్మిదిమంది ఊపిరే తిరిగి అద్దానికి కొడుతుంది. దాన్ని బయటి గాలికి తిప్పితే చాలు, కొన్ని బండ్లలో జబ్బు అక్కడితో నయమవుతుంది.

ఏసీ ఉన్న బండికి ఇంకో దారి ఉంది. ఏసీలోని చల్లటి కాయిల్ ఐదారు డిగ్రీల దగ్గర గాలిలోని నీటిని ముందే పిండేస్తుంది. అలా పొడిబారిన గాలిని హీటర్ మీద వెచ్చబెట్టి అద్దానికి పంపితే తేమ శాతం 30 లోపుకు వస్తుంది. వానాకాలంలో ఏసీ, హీటర్ రెండూ కలిపి వేయడం అందుకే, అది వృథా కాదు. పిండిన నీరు బండి కింద చిన్న పైపులోంచి కారాలి. కారకపోతే ఆ పైపులో కందిరీగ మట్టిగూడు కట్టిందేమో ఒక తీగ పెట్టి చూడండి. ఏసీ అద్దం మీదే కొడుతూ మరీ చల్లబరిస్తే ఆవిరి బయటి వైపు పడుతుంది. వైపర్ తిప్పితే పోయేది బయటి ఆవిరి. దానికి ఏసీ తగ్గించాలి గానీ, లోపల ఎంత తుడిచినా లాభం లేదు. హీటరే లేని పాత జీపుల్లో డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను బిగిస్తారు. అది గాలిలోని నీటిని తీయలేదు గానీ లోపలి వెచ్చదనాన్ని అద్దానికి చేరవేస్తుంది. దాంతోపాటు పరదా ఒక పక్క కొంచెం తెరిచి ఉంచితే పని జరుగుతుంది.

అద్దం శుభ్రతకూ ఈ ఆవిరికీ సంబంధం చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. మచ్చలేని గాజు మీద నీరు పల్చటి పొరగా పరుచుకుంటుంది, దాని గుండా చూపు పోతుంది. గాజు మీద జిడ్డు ఉంటే అదే నీరు వేలాది బొట్లుగా ముడుచుకుంటుంది. ఒక్కో బొట్టూ ఎదురు లైటును చెదరగొడుతుంది. పొద్దున్నే డాష్‌బోర్డు మీద దేవుడికి వెలిగించే అగరుబత్తి పొగ, బీడీ పొగ, ఎండకు డాష్‌బోర్డు ప్లాస్టిక్ లోంచి లేచే నూనె ఆవిర్లు, అన్నీ ఆ జిడ్డులో ఉన్నాయి. దేవుడికి బండి బయట వెలిగించినా చాలు. వానలో వైపర్ పనిచేయకపోతే లారీ డ్రైవర్లు బీడీ చింపి పొగాకుతో అద్దం బయట రుద్దడం మీరు చూసే ఉంటారు. అది మూఢనమ్మకం కాదు, బొట్టును పొరగా మార్చే ఉపాయం. షాంపూ చుక్కను తడి గుడ్డతో లోపలి వైపు పల్చగా పూసి, పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిచినా అదే జరుగుతుంది. కొన్ని రోజులు నిలుస్తుంది. తుడిచే గుడ్డ మాత్రం నూలుది కావాలి, అదీ నాలుగైదు ఉతుకులు పడ్డది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో అలాంటి గుడ్డకు కరువేముంది! కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, అది నీళ్లు పీల్చదు, చారలు మిగులుస్తుంది.

తుడిచినా పోకుండా జిగటగా ఉండే ఆవిరి, దానితోపాటు బండిలో తియ్యటి వాసన ఉంటే అది వాన తెచ్చింది కాదు. హీటర్ కోర్ కారి కూలెంటే ఆవిరై అద్దానికి పడుతోంది. అప్పుడు పైపులు కలిపి బైపాస్ చేయడం సబబే, కొత్త కోర్ వేసేదాకా.

వెనక అద్దం కథ వేరు. అక్కడ వేడి నీళ్లు ఉండవు, గాజుకు అతికిన సన్నటి గీతల్లో కరెంటు పారి వెచ్చబరుస్తుంది. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్నాక వాటిని బ్లేడుతో గీకి పీకిన పాత కార్లలో కొన్ని గీతలు ఫిల్ముతోపాటే లేచిపోయి ఉండొచ్చు. స్విచ్ వేసి అద్దం మీద ఊపిరి ఊదితే, ఆవిరి కరగకుండా మిగిలిన గీతే తెగిన గీత. వెండి కలిసిన రంగు చిన్న సీసాల్లో దొరుకుతుంది. తెగినచోట రెండు పక్కలా టేపు అంటించి సన్నగా పూసి, ఒక రోజు ఆరనిచ్చి స్విచ్ వేయొచ్చు.

ఇవేవీ చేయకముందే రాత్రి వానలో అద్దం తెల్లబారితే, ముందు వేగం తగ్గించండి. రెండు పక్కల అద్దాలూ రెండు వేళ్ల మందం దించి, గాలి మీటను బయటికి తిప్పి, ఫ్యాను పూర్తిగా పెట్టండి. తడుస్తామని వెనక కూర్చున్నవాళ్లు విసుక్కున్నా ఫరవాలేదు. రెండు నిమిషాల్లో దారి కనబడకపోతే తారు పూర్తిగా దిగి, గట్టి నేల చూసుకుని ఆపి, నాలుగు పక్కలా లైట్లు మిణుకుమనేలా పెట్టండి. నల్లరేగడిలోకి దిగితే చక్రం ఇరుక్కుంటుందని తారు అంచున సగం బండి నిలిపేవాళ్లు ఎక్కువ. వెనక వచ్చే పత్తి లారీ డ్రైవర్ కూడా అదే వానలో, అలాంటి అద్దం లోంచే చూస్తూ వస్తుంటాడు.